కాగితాలే కదమ్మా!

నిరుడు వేసవిలో మా మేనత్త సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు బయట, వేపచెట్టు కింద దస్తావేజు లేఖరి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి. అందులో ఎకరన్నర పొలం దస్తావేజు, రెండు లింకు డాక్యుమెంట్లు, మామయ్య రబ్బరు బ్యాండు వేసి దాచిన పాత శిస్తు రసీదులు. సంచి బల్లమీద పెట్టి మంచినీళ్లకు వెళ్లొచ్చేసరికి సంచీ లేదు, వెంట వచ్చిన బావగారి కొడుకూ లేడు. సాయంత్రం ఫోను వచ్చింది. ‘‘రెండు లక్షలు సర్దు పిన్నీ, కాగితాలు ఇంటికొచ్చేస్తాయి.’’ స్టేషన్‌కు వెళితే, ‘‘కాగితాలే కదమ్మా, సర్టిఫైడ్ కాపీ తెచ్చుకో. ఇది సివిల్ గొడవ’’ అని పంపేశారు.

ఆ జవాబు తప్పు. చట్టం అలా చెప్పదు.

పొలాన్ని ఎవరూ సంచిలో వేసుకుపోలేరు. అందుకే దొంగతనం నేరాన్ని చట్టం చరాస్తికే పరిమితం చేసింది. పొలం స్థిరాస్తే గానీ పొలం దస్తావేజు చరాస్తి. అది ఇంకొకరి స్వాధీనంలో ఉండాలి, వారి సమ్మతి లేకుండా దాన్ని కదిలించాలి, కదిలించేటప్పుడు కపటబుద్ధి ఉండాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 378వ సెక్షన్ చెప్పిందీ, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ చెబుతున్నదీ ఇదే. వీటిలో కోర్టులు ఎక్కువగా తర్జనభర్జన పడేది కపటబుద్ధి దగ్గర. తనకు హక్కులేని లాభం రాబట్టుకోవాలనో, హక్కున్న మనిషిని అక్రమంగా నష్టపెట్టాలనో అనుకుని ఉండాలి. రెండింట్లో ఒకటున్నా చాలు. లాభం చేతికందిందా లేదా అన్నది ప్రశ్నే కాదు.

‘ఉంచుకోవాలని తీయలేదు, తిరిగిచ్చేవాణ్నే’ అన్న వాదనకు సుప్రీంకోర్టు 1962లోనే జవాబిచ్చింది. తీర్పు రాసినవారు మన కోకా సుబ్బారావు గారు. రాజస్థాన్‌లోని అల్వార్‌లో చీఫ్ ఇంజినీరు ఆఫీసు సూపరింటెండెంటు ఒకాయన 1948 డిసెంబరులో, కరెంటు సరఫరా లైసెన్సుకు సంబంధించిన ఫైలు తెప్పించి ఇంటికి పట్టుకెళ్లాడు. లైసెన్సు వ్యవహారంలో ఉన్న స్నేహితుడి చేతికిచ్చాడు. ఆ స్నేహితుడు అందులోంచి తన అఫిడవిట్టూ ఓ దరఖాస్తూ తీసేసి, వేరే కాగితాలు పెట్టాడు. ఫైలు మళ్లీ ఆఫీసుకు చేరింది. నేను ఆ ఆఫీసు ఉద్యోగినే, ఫైలు నా స్వాధీనంలో ఉన్నట్టే కదా అని సూపరింటెండెంటు వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అక్కడ పనిచేసినంత మాత్రాన ఫైలు అతని స్వాధీనంలో ఉన్నట్టు కాదు, శాశ్వతంగా పోనక్కర్లేదు, కాసేపు దూరం చేసినా దొంగతనమే అంది. డబ్బిస్తేనే వస్తువు తిరిగిస్తానని పట్టుకుపోవడం దొంగతనమేనని పాత చట్టం 378వ సెక్షన్ కిందే ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది. మా అత్తయ్యకు వచ్చిన ఫోను అచ్చం అదే.

బావగారి కొడుకు దగ్గర ఇంకో మాట ఉంది. ‘‘ఆ పొలంలో మాకూ వాటా ఉంది’’ అంటాడు. దీన్ని తోసెయ్యకూడదు. తనకు హక్కుందని నిజంగా నమ్మి తీసుకున్నవాణ్ని చట్టం దొంగ అనదు, ఆ నమ్మకం పొరపాటైనా సరే. 2019 మే నెలలో బిర్లా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, పత్రాలే కాదు వాటిలోని సమాచారం కూడా దొంగతనానికి గురికావచ్చని చెబుతూనే, ఎత్తుకెళ్లారని కంపెనీ ఆరోపించిన కాగితాలను ప్రత్యర్థులు కంపెనీ వివాదంలో తమ వాదనకు ఆధారంగా దాఖలు చేయడంలో కపటబుద్ధి లేదంటూ ఫిర్యాదు కొట్టేసింది. కాగితం కోర్టు బల్లమీదికి వెళ్లిందా, బేరానికి వెళ్లిందా అన్నది చూడాలి. వాటా ఉందని నమ్మినవాడు పార్టిషన్ దావా వేస్తాడు, రెండు లక్షలు అడగడు.

ఇక్కడిదాకా చట్టం అత్తయ్య పక్షానే ఉంది. చిక్కు కొత్త సంహితలో వచ్చింది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే, తొలిసారి దోషిగా తేలినవాడు సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. పైగా అది మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడని నేరం. ఆకలికి చేయి చాచినవాణ్ని జైల్లో పెట్టకూడదన్నది ఆ నిబంధన వెనక ఉద్దేశమైతే, దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ దస్తావేజు విలువ ఎంత? ఇంట్లోంచి పోయినా, ప్రభుత్వ ఫైలు పోయినా 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, అక్కడ ఈ లెక్క రాదు. చెట్టు కింద పోయిన సంచికి ఆ రక్షణ లేదు. కాగితం ఖరీదే చూస్తే దస్తావేజు ఎన్నటికీ 5,000 దాటదు.

అది ఖరీదు కట్టే పద్ధతి కాదు. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ ఆస్తిపత్రాలు తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున కట్టివ్వాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పత్రం ఒక్కరోజు చేతిలో లేకపోతే ఎంత నష్టమో తెలిసి వేసిన లెక్క అది. ఒరిజినల్ లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. కొనేవాడు అనుమానంగా చూసి ధర తగ్గించి అడుగుతాడు. సర్టిఫైడ్ కాపీ ఆ లోటు తీర్చదు. పోలీసు మాన్యువల్ స్థాయిలోనే ఒక్క వాక్యం చేర్చవచ్చు: ఆస్తిపత్రం పోతే, దాని విలువ దాని వెనకున్న ఆస్తిని బట్టి కట్టాలి.

చివరికి అత్తయ్య మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేసింది. పోయిన సొత్తు విలువ ఎంతని రాయమంటారని వకీలు కలం పట్టుకుని అడిగాడు.

‘‘ఎకరన్నర’’ అంది.