కాలికి నేల అందితే

సైకిలు నేర్పడంలో నా అంతటివాడు లేడని నాకో నమ్మకం. ఆ నమ్మకం మా ఇంట్లో మరెవరికీ లేదని ఈ మధ్యనే తెలిసింది. మా అమ్మాయికి పదో ఏడు వచ్చిందని సైకిలు కొని తెచ్చి, "రామ్మా, నేర్పుతాను" అన్నానో లేదో, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "మీరా? మీ అక్కగారికి నేర్పినట్టేనా?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. 1990లో, తెనాలి దగ్గర మా పల్లెటూళ్ళో, గంటకు రూపాయి చొప్పున అద్దె సైకిలు తెచ్చి అక్కకు నేర్పబోయాను. పెద్దవాళ్ళ సైకిలు, సీటెక్కితే అక్క కాళ్ళు గాలిలో వేళ్ళాడేవి. నేను వెనక కారియరు పట్టుకుని పరుగు. "వదలకురా, వదలకురా" అంటూనే ఉంది. కాలవగట్టు మలుపులో వదిలేశాను. ఎడమకు ఒరుగుతూంటే "కుడికి తిప్పు, కుడికి!" అని కేకలు పెట్టిందీ నేనే. పాపం, తిప్పింది. చెయ్యి విరిగింది. ఆడపిల్లకు ఇక సైకిలు వద్దన్నారు మా నాన్నగారు. మూడు కిలోమీటర్ల అవతలి హైస్కూలుకు అక్క నడిచే వెళ్ళింది. నేను మాత్రం సైకిలు మీద వెళ్ళాను.

ఎటు ఒరిగితే అటే హాండిలు తిప్పాలట. అప్పుడే చక్రాలు మళ్ళీ మనిషి కిందికి వచ్చి నిలబెడతాయి. ఈ సంగతి నాకు చెప్పినవాడు మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే కుర్రవాడు. "మీరు వెనక పట్టుకుంటే పాపకు ఒరుగుడెలా తెలుస్తుంది మాస్టారూ? పెడళ్ళు తీసేద్దాం" అన్నాడు. నేను నోరు తెరిచాను. కుడి పెడలు మామూలుగానే విప్పాడు. ఎడమది ఎదురు మర; బిగించినట్టు తిప్పితేగాని ఊడదు. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేటంతగా సీటు దించి, "కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోనివ్వండి" అన్నాడు.

తీరా పుస్తకాలు తిరగేస్తే, 1817లో జర్మనీలో మన్‌హైం ఊళ్ళో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి అసలు పెడళ్ళే లేవు. తరవాత ముందుచక్రం నిలువెత్తున్న సైకిళ్ళు వచ్చాయి. దారిలో రాయి తగిలితే ఎక్కినవాడు తలకిందులుగా ముందుకు పడేవాడు. 1885లో ఇంగ్లండులో స్టార్లీ ఇంచుమించు సమానమైన చక్రాలతో రోవర్ సైకిలు తయారుచేశాడు. అలాంటివాటికి 'సేఫ్టీ' సైకిళ్ళని పేరు. తెలుగు మేష్టారిని గనక మాట వెంట పోవడం నాకలవాటు. ఆ 'సేఫ్టీ' చాలామటుకు ఎక్కడుందయ్యా అంటే, కాలు నేలకు అందడంలో!

కాలేజీ మైదానంలో, తెల్లవారుతూండగానే మొదలుపెట్టాం. చెప్పులు కాదు, బూట్లు. హెల్మెట్టు కనుబొమలకు రెండు వేళ్ళ పైన, గడ్డం కింద పట్టీ బిగువుగా. ముందుగా సైకిలు పక్కన నడుస్తూ రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కడం నేర్చుకుంది. ముందు బ్రేకొక్కటే గట్టిగా పట్టేస్తే వెనకచక్రం లేచిపోతుంది. చూపు చక్రం మీద కాదు, దూరంగా. నాలుగోనాటికి పాదాలు రెండూ ఎత్తి పదిగజాలు తేలిపోయింది. అప్పుడు పెడళ్ళు బిగించాం. నోరు మూసుకుని నిలబడడమే నా పని. పాతికేళ్ళుగా పాఠాలు చెప్పేవాడికి అదెంత కష్టమో మీరే ఊహించుకోండి.

సంక్రాంతికి అక్క వచ్చింది. యాభైకి దగ్గర పడింది. మేనకోడలు మైదానం చుట్టూ తిరుగుతూంటే చూసి చూసి, "ఆ పెడళ్ళు మళ్ళీ ఊడదియ్యొచ్చా?" అంది, ఎటో చూస్తూ.

కుర్రవాడి దగ్గరే ఓ లేడీస్ సైకిలు అద్దెకు తెచ్చాను. మర్నాడు పొద్దున్న అక్క మా ఆవిడ పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ చక్రంలో పడుతుందని ఇంట్లోనే వదిలేసి వచ్చింది. సీటు మీద కూర్చుని, ముందు ఒక పాదం, తరవాత రెండోది నేలకు ఆనించి చూసుకుంది. పాత అలవాటు, నా చెయ్యి కారియరు మీదికి పోయింది.

అక్క వెనక్కి తిరిగి చూసింది. "నువ్వు మాత్రం పట్టుకోకురా" అంది.