నీళ్ల పొయ్యికీ ఇంజనీరింగ్ కావాలి

"గ్యాస్ వచ్చేసింది కదా, ఇంకా కట్టెల పొయ్యి గోల ఏంటి?" అనే ఫ్రెండ్స్‌ని డిసెంబర్‌లో ఓసారి పత్తికొండ వైపు పల్లెలకు తెల్లవారుజామునే రమ్మంటాను. వంటింట్లో సిలిండర్ ఉంటుంది. పెరట్లో మూడు రాళ్ల మీద నీళ్ల కాగు, దాని కింద పత్తి కట్టె మంట కూడా ఉంటాయి.

1999లో దీపం, 2016లో ఉజ్వల, 2024 దీపావళి నుంచి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. మంచి పథకాలే. కానీ నలుగురున్న ఇంట్లో మూడు సిలిండర్లు ఏడాది వంటకే చాలవు, ఇక స్నానాల నీళ్లకెక్కడివి? చేనులో పీకేసిన పత్తి కట్టె, కంది కట్టె ఊరికే దొరుకుతాయి. అందుకే "గ్యాసు వంటకి, కట్టెలు నీళ్లకి" అని మా అమ్మలు ఎప్పుడో లెక్క తేల్చేశారు.

ఆ లెక్కలో రానిది పొగ. పాత మట్టి మిద్దెల్లో గోడలు మందం, కిటికీలు తక్కువ. పొగ పోయేది కప్పులోని గవాక్షి నుంచే. వానొస్తే దాన్నీ మూసేస్తారు. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది ఎవరో మీకు తెలుసు. ఇళ్లలో పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. 20 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే 500 కిలో కేలరీలు చాలు. కిలో ఎండు కట్టెలో దాదాపు 4000 ఉంటాయి. మూడు రాళ్ల పొయ్యిలో పదో వంతే కాగుకి చేరిందనుకుంటే కిలోంపావు కట్టె కావాలి. అదే 30 శాతం చేరితే అర కిలో కూడా అక్కర్లేదు. మిగతాదంతా గాలికి, మసికి, అమ్మ కళ్లకి.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు 1950ల నాటికే పొగ గొట్టంతో మట్టి పొయ్యి తయారుచేశారు. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలతోనే దాన్ని 'హెర్ల్ చూలా' అన్నారు. 1980ల్లో కేంద్రం కూడా మెరుగైన పొయ్యిలు పంచింది. గొట్టం మసితో పూడుకుపోయినా, పొయ్యి పగిలినా బాగుచేసేవాళ్లు లేక చాలా ఇళ్లలో అవి మూలపడ్డాయి.

చలి దేశాల్లో పెల్లెట్ స్టవ్‌లతో ఇల్లంతా వెచ్చబెట్టుకుంటారు. మన దేశంలో పంట వ్యర్థాల పెల్లెట్లను థర్మల్ ప్లాంట్లలో బొగ్గుతో కలిపి కాల్చాలని 2021లో విధానం పెట్టారు. మరి గులాబీ రంగు పురుగు భయంతో చేనులోనే తగలబెట్టే పత్తి కట్టె మన పొయ్యికి పెల్లెట్ కాకూడదా? కావచ్చు. కాకపోతే తరగాలి, ఆరబెట్టాలి, ప్రెస్ చేయాలి, స్టవ్‌కి చిన్న ఫ్యాన్ పెట్టాలి. ఊరికే దొరికే కట్టెతో ధరలో పోటీపడాలి. అది ఊరికో మిషన్ ఉంటే అయ్యే పని, ఇంటికొకటి అంటే కాదు.

అంతవరకూ ఆగక్కర్లేదు. కట్టెను తడవకుండా నీడన ఆరబెట్టడం, కింద నుంచి గాలి ఆడేలా ఇనుప జాలీ, విప్పి తుడుచుకోగలిగే పొగ గొట్టం. ఇవి ఊళ్లో వెల్డింగ్ షాపులోనే అయ్యే పనులు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మళ్లీ లైన్ ఫాలోయర్ రోబోనే ఎందుకు చేయాలి? ఈసారి పొయ్యి చేద్దాం. మార్కులు గైడ్ వేస్తారు సరే, రోజూ మంట పెట్టే అమ్మని కూడా ఒకసారి అడుగుదాం, బాగుందా అని.