ఫోన్‌లో వస్తుంది, టీవీ బాక్సులో రాదు... ఓటీటీ యాప్‌ను ఆపుతున్నది ఎవరు?

తాడేపల్లిలో ఒక ఫ్లాట్ అనుకుందాం. ఇంటికంతటికీ ఒకటే ఫైబర్ కనెక్షన్. వైఫై మీద ఫోన్‌లో సినిమా హాయిగా ఆడుతోంది. టీవీ కింద ఆపరేటర్ పెట్టిన బాక్సులో మాత్రం ఆ యాప్ లేదు. 'నెలనెలా డబ్బు కడుతున్నాం కదా, ఆపడానికి మీరెవరు?' అని కాల్ సెంటర్‌తో గొడవ. న్యాయం ఎవరి వైపుందో తేలాలంటే, యాప్ ఏ పరికరంలో ఆగిందో ముందు చూడాలి.

మన దేశంలో నెట్ న్యూట్రాలిటీ నియమం ఉంది. 2017 నవంబరులో ట్రాయ్ సిఫార్సు చేయగా, 2018 జులైలో టెలికం శాఖ ఆమోదించింది. నెట్ ఇచ్చే కంపెనీ తనకు నచ్చని యాప్‌ను ఆపకూడదు, వేగం తగ్గించకూడదు. ప్రభుత్వ, కోర్టు ఆదేశాలుంటే తప్ప. అయితే ఈ రక్షణ ఇంటర్నెట్ కనెక్షన్‌కే. ఆపరేటర్ ఇచ్చిన బాక్సులో ఏ యాప్‌లు ఉండాలన్నది ఆపరేటర్‌కూ, యాప్ కంపెనీకీ మధ్య ఒప్పందం. చాలామంది పొరపడేది ఇక్కడే.

మన ఏపీ ఫైబర్‌నెట్‌నే చూడండి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి మొదట్లో నెలకు 149 రూపాయలు. 2023 జూన్ 2న విశాఖలో 'ఫస్ట్ డే ఫస్ట్ షో' మొదలైంది. విడుదల రోజే కొత్త సినిమా ఇంట్లో చూడొచ్చన్నారు, అప్పటి ధర 99 రూపాయలు. తొలి సినిమా 'నిరీక్షణ'. థియేటర్ దూరమైన పల్లెలకు మంచి ఆలోచనే. కానీ అది ఫైబర్‌నెట్ చందాదారులకే. పక్కింట్లో వేరే కనెక్షన్ ఉంటే, 99 ఇస్తామన్నా సినిమా వచ్చేది కాదు. ఇది నియమాన్ని మీరడం కాదు, బాక్సు వ్యాపారం తీరే అంత.

అమెరికాలో ఇంతకన్నా ముదిరింది. హెచ్‌బీవోకు చందా కట్టిన కామ్‌కాస్ట్ కేబుల్ కస్టమర్లు కూడా రోకు పరికరంలో హెచ్‌బీవో గో యాప్ తెరవలేకపోయేవారు. వాళ్ల లాగిన్‌ను కామ్‌కాస్ట్ ఒప్పుకోలేదు. 2014 డిసెంబరులో గానీ దారి ఇవ్వలేదు.

ప్రతిసారీ కేబుల్ వాళ్లదే తప్పు అనలేం. నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల ప్లాన్ ఫోన్, ట్యాబ్‌లకే, టీవీలో ఆడదు. (ఈ 149 అంకె ఎవరికి కలిసొచ్చిందో గానీ, మనల్ని వదలట్లేదు.) పైగా ఓటీటీ కంపెనీ ధ్రువీకరించని చౌక ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్ని యాప్‌లు అసలు పనిచేయవు, పనిచేసినా బొమ్మ మసకగా వస్తుంది.

కనుక ఒక చిన్న పరీక్ష చేయండి. యాప్ రాని పరికరం మీ సొంత స్మార్ట్ టీవీ లేదా స్టిక్ అయితే, దాన్ని ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. హాట్‌స్పాట్‌పై వచ్చి, ఇంటి వైఫైపై పదేపదే ఆగిపోతుంటే నెట్ కంపెనీని నిలదీయొచ్చు. రెండింటిలోనూ రాకపోతే ప్లాన్, పరికరం చూసుకోండి. ఆపరేటర్ బాక్సులోనే యాప్ లేదంటే, కనెక్షన్ తీసుకునే ముందే యాప్‌ల జాబితా అడిగి ఉండాల్సింది.

ఫిర్యాదు ముందు కంపెనీ కాల్ సెంటర్‌కే చేయాలి, డాకెట్ నంబరు రాసుకోవాలి. తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లాలి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. వినియోగదారుల కమిషన్ తలుపు మాత్రం తెరిచే ఉంది. టెలికం సేవల గొడవలు అక్కడికి తీసుకెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది.