తెగ్గోసిన ఆకుపచ్చ తీగ
కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



గుడివాడలో మోటార్లకు వైండింగు కట్టుకుని బతుకుతున్నాను. గ్రైండర్లు, డ్రిల్లింగ్ మిషన్లు, మార్బుల్ కట్టర్లు, వడ్రంగుల ప్లేనర్లు కాలిపోతే నా బల్ల మీదికి వస్తాయి. గిలకలదిండి రేవు వైపు నుంచి, బందరు రోల్డ్‌గోల్డ్ పనివాళ్ల దగ్గర నుంచి, అవనిగడ్డ, నాగాయలంక వైపు గేట్లు, గ్రిల్లులు చేసే కుర్రాళ్ల నుంచి వస్తాయి. మిషను విప్పితే అది ఎలాంటి చోట పనిచేసిందో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి అలా చూసిందే ఈ ఉత్తరంగా రాస్తున్నాను.

పోయిన వానాకాలంలో పడవల పని చేసే ఒక వడ్రంగి అల్యూమినియం బాడీ ఉన్న పాత డ్రిల్లింగ్ మిషను తెచ్చాడు. తీగ చివర ప్లగ్గు లేదు. ఎర్ర, నల్ల తీగల మొనలు ఒలిచి పురి పెట్టి ఉన్నాయి. ఆ మొనలు సాకెట్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. ఆకుపచ్చ తీగను మటుకు మొదలంటా కోసి, పైన నల్ల టేపు చుట్టాడు. ఎందుకు కోశావయ్యా అని అడిగాను. "అది ఉంటే మాటిమాటికీ ఫ్యూజు కొట్టేస్తోంది బాబాయ్, పని సాగట్లేదు" అన్నాడు.

విప్పి చూశాను. లోపల ఇన్సులేషను చెడిపోయి కరెంటు బాడీకి దిగుతోంది. ఆ కరెంటును నేలలోకి పంపి, ఫ్యూజు కొట్టించి, మిషను చెడిందని చెబుతున్నది ఆ ఆకుపచ్చ తీగే. అతను దాన్ని కోసేశాడు. ఆ తర్వాత రెండు వారాలు పని నిరాటంకంగా సాగిందట. ఆ రెండు వారాలూ అతని కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికాడు. చెప్పులు తడిసి ఉంటే నా బల్ల మీదికి మిషను ఒక్కటే వచ్చేది.

మన జిల్లాలో ఈ ప్రమాదం మిగతా చోట్లకంటే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇక్కడి నేల ఆరదు. రేవులో బురద, చేపల చెరువు గట్టున చెమ్మ, కట్టే ఇంటి పునాదిలో ఊటనీరు. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, ఎర్తు పైపు దగ్గర బిగించిన తీగ పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటి చోట ఉత్తకాళ్లతో నిలబడ్డ మనిషే ఎర్తు అవుతాడు. కొత్త మిషన్లలో చాలావాటికి రెండు పిన్నులే ఉంటాయి, చదరంలో చదరం గుర్తు ఉంటుంది, అంటే ఇన్సులేషను రెండు పొరలని. పొడిచోట అది మంచి రక్షణే. కానీ లోపలికి నీళ్లు దిగిన మిషనుకు ఆ గుర్తు ఏ సాయమూ చేయదు.

"ఎంసీబీ పెట్టించాం కదా" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం తప్పు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లో 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, చెయ్యి బిగుసుకుపోయి మిషనును వదల్లేడు. 30 దగ్గర ఊపిరి కండరాలు పట్టేస్తాయి. అది దాటి 50, 100 దాకా వెళితే గుండె లయ తప్పుతుంది. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, అది తీగలు కాలిపోకుండా కాసేది మాత్రమే. మనిషిని కాసేది వేరే ఉంది. ఆర్‌సీసీబీ అంటారు, మా దగ్గర ట్రిప్పర్ అంటాం. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిపోయాయా అని చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు చేరితే సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరా కోసేస్తుంది.

ట్రిప్పర్ పెట్టాలన్నది నా సొంత సలహా కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నియమాల్లోనూ, 2023లో వాటి స్థానంలో వచ్చిన కొత్త నియమాల్లోనూ ఎర్త్ లీకేజీ రక్షణ గురించి ఉంది. కాగితం మీద ఉన్నది రేవుకు రాలేదు, అంతే.

గ్రైండరు సంగతీ చెప్పాలి. నాలుగంగుళాల చక్రం నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే దాని అంచు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతోందన్నమాట. నా దగ్గరికి వచ్చే గ్రైండర్లలో సగానికి పైగా వాటికి గార్డు ఉండదు, అడ్డమొస్తోందని తీసేస్తారు. కొందరు ఏకంగా కలప కోసే పళ్ల చక్రం బిగిస్తారు. అది కలపలో ముడికి తగిలి ఎగిరితే ఎటు వస్తుందో చెప్పలేం. ఇక నగల పాలిష్ మోటారు దగ్గర గొలుసు చక్రానికి చుట్టుకుందంటే వేలు కూడా దాని వెంట పోతుంది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ వేల ప్రాణాలు పోగొట్టుకుంది. ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. ఒక్కొక్కరుగా, ఒక్కో షాపులో, ఒక్కో గట్టు మీద పనిచేస్తూ పోయేవాళ్ల కోసం ఏదీ లేవలేదు. బందరు పోర్టు పనుల్లాంటి పెద్ద పనుల దగ్గర హెల్మెట్టు అడిగేవాళ్లు ఉంటారు. ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపు చట్టంలో ఫ్యాక్టరీ లెక్కలోకి మామూలుగా రాదు, అక్కడ అడిగేవాళ్లెవరు?

అందుకే అడుగుతున్నాను. కట్టుబడికి ఇచ్చే తాత్కాలిక కనెక్షనుకు, వర్క్‌షాపు కనెక్షనుకు 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్పర్ కనిపిస్తేనే సరఫరా ఇవ్వమని విద్యుత్ శాఖ వారితో మాట్లాడండి. కట్టుబడి ఖర్చు మీద వసూలయ్యే 1 శాతం సెస్సు కార్మికుల కోసమే కదా, అందులోంచి పేరు నమోదైన ప్రతి పనివాడికీ ట్రిప్పర్ బిగించిన జంక్షన్ బాక్సు ఒకటి ఇప్పించండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూసుకోవాలి. అది నేర్పడానికి ఐటీఐ గదులు ఆదివారం పూట తెరిపిస్తే నేను రూపాయి తీసుకోకుండా వచ్చి చెబుతాను. నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ డ్రిల్లింగ్ మిషనుకు వైండింగు మార్చి, మూడు తీగల కేబులు వేసి, మూడు పిన్నుల ప్లగ్గు బిగించాను. నమ్మకం చాలక అతను ఇప్పుడు పనిచేస్తున్న కొత్త చోటికి వెళ్లి సాకెట్టు విప్పి చూశాను. మూడో రంధ్రం వెనక తీగే లేదు.

ఒకసారి మీ మనుషుల్ని పంపి అలాంటి సాకెట్లు విప్పించి చూడండి.