డిక్కీలో గ్యాసు బండ

ఏమిటీ, ఊరగాయల కబుర్లు చెప్పే పేజీలో ఈ కారు గొడవేమిటని విసుక్కోకండి. గ్యాసు సంగతి మగవాళ్ళ కంటే మనకే బాగా తెలుసునని మా ఇంట్లోనే రుజువైంది.

మాది కొండాపూర్. 2013లో కొన్న వ్యాగనార్ ఉంది. మావారు అందులో రోజూ ఉప్పల్ దాకా పోయి వస్తారు. హైటెక్ సిటీ సిగ్నళ్ళు దాటడానికే బోలెడు పెట్రోలు అయిపోతుంది. (సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అప్పుడక్కడ ఎటు చూసినా రాళ్ళు, ఇప్పుడు ఎటు చూసినా కార్లు!) 2021లో లీటరు వంద దాటినప్పటి నుంచీ మావారికి గ్యాసు కిట్టు మీద మనసు పడింది. ఒకరోజు ఎవరో మెకానిక్కును వెంటబెట్టుకొచ్చారు. ఆ మనిషి కారు కంటే ముందు మా వంటింట్లోకి తొంగి చూశాడు. "అమ్మా, రెండు బండలున్నాయిగా! ఒకటి డిక్కీలో పడుకోబెడితే చౌకలో అయిపోతుంది" అన్నాడు. మంచినీళ్ళిచ్చి పంపేశాను. ఆ రాత్రి మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మర్నాడు టిఫిను దగ్గర నేనే కదిపాను. మన బండ నిలబెట్టి వాడటానికి చేసిందండీ. లోపల అడుగున ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. పొయ్యికి వచ్చేది ఆ పై ఆవిరి. పడుకోబెడితే ద్రవమే బయటికి తన్నుకొస్తుంది. కార్ల కోసం చేసే ఎల్‌పీజీ ట్యాంకే వేరు. ఎనభై శాతం నిండగానే దానంతటదే ఆపేసే వాల్వు దానికుంటుంది. పైగా ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకే కదా, వాసన రాగానే స్విచ్చి ముట్టుకోకుండా తలుపులు తీస్తాం! మూసిన కారులో, నడిరోడ్డు మీద ఏ తలుపు తీస్తారు? వంటింటి బండ కారుకు పెట్టడానికి చట్టమూ ఒప్పుకోదు. "మన అమ్మాయి కూడా అదే కారెక్కుతుంది" అన్నాను. అంతే, ఆయన పళ్ళెంలోకి చూస్తూ ఊరుకున్నారు.

తర్వాత సీఎన్‌జీ మాట వచ్చింది. అది మీథేను, గాలి కంటే తేలిక. మంట కూడా శుభ్రం. పొయ్యి నీలంగా మండితే గిన్నె అడుగు మసిబారదు చూడండి, అలాగన్నమాట. 1998లో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సుల్ని సీఎన్‌జీకి మార్చమన్నది అక్కడి పొగ చూసే. మన ఊళ్ళో గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ వాళ్ళు అమ్ముతున్నారు. ఇది కిలోల లెక్క. కిలోలో ఉండే వేడి దాదాపు లీటరున్నర పెట్రోలుతో సమానం. కాబట్టి కిలో ధరనూ లీటరు ధరనూ పక్కపక్కన పెట్టి లాభం లేదనుకోకండి.

అలాగని అజాగ్రత్త పనికిరాదు. ఆ సిలిండరులో ఒత్తిడి 200 బార్లు, అంటే కారు టైరులో గాలికి సుమారు వంద రెట్లు! అందుకే మూడేళ్ళకోసారి పరీక్ష చేయించాలి. నింపేటప్పుడు అందరూ కారు దిగాలి, నిద్రపోతున్న పిల్లాణ్ణయినా లేపాల్సిందే.

కాగితాల దగ్గర మాత్రం బద్ధకించకండి. మా ఆడపడుచు వాళ్ళు సెకండ్‌హ్యాండులో కొన్న కారుకు కిట్టు ఉంది గానీ ఆర్‌సీలో ఒట్టి పెట్రోలు అనే ఉంది. ఒకసారి కారు గుద్దుకుంటే బీమా వాళ్ళు అదే పట్టుకుని పైసా ఇవ్వలేదు. ఆమె గాజులు కుదువ పెట్టి బాగుచేయించుకుంది. కిట్టు మీ మోడలుకు అనుమతి ఉన్నదేనా అని ముందే అడగండి. బిల్లు, సిలిండరు పరీక్ష కాగితం తీసుకుని ఆర్‌టీఏలో రాయించి, బీమా వాళ్ళకూ చెప్పండి.

రోజుకు పది కిలోమీటర్లు తిరిగే కారుకైతే ఈ ఖర్చు దండగ. పదిహేనేళ్ళు నిండితే మళ్ళీ రిజిస్ట్రేషను చేయించాలి, ఈలోపల పెట్టిన డబ్బు రాదు. మాకు ఉప్పల్ దూరం గనుక లెక్క కుదిరింది, పెట్టించాం. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు కాస్త ఆయాసపడుతుంది. డిక్కీలో బియ్యం బస్తా పట్టదు, మా అమ్మ ఊరి నుంచి పంపే మామిడికాయలు నా ఒళ్ళోనే. సిలిండరు పరీక్ష తేదీని మాత్రం కాగితం మీద రాసి, వంటింటి అలమర తలుపుకు గ్యాసు పుస్తకం పక్కనే అంటించాను.