శని ఆదివారముల కూలి

ఉప్పలులోగాని నాచారములోగాని ఫంక్షను హాలునందు పెండ్లివిందు ఆరగించి వచ్చిన పెద్దలు, తమకు వడ్డించిన చేతులు ఎవరివో ఒక్కమారైన విచారించి యుందురా? తెల్లచొక్కా, నల్లప్యాంటు తొడిగి బఫే బల్లల వెనుక నిలిచిన వారిలో అనేకులకు మీసకట్టు ఇంకను తిన్నగా రాలేదు. వారు ఇంటర్మీడియటు చదువుచున్న బాలురు. తక్కిన దినములు కళాశాలలో గడపి, శనివారపు రాత్రియు ఆదివారమును కూలికి వచ్చుచున్నారు. కొందరు ఉప్పలు స్టేడియమున క్రికెట్టు ఆట జరుగునాడు గేట్లయెదుట జెండాలమ్ముదురు. చూడవచ్చినవారి చెక్కిళ్ళకు రంగులు పూయుదురు. కొందరు బట్టల దుకాణములలో మడతలు పెట్టుదురు. బాలికలు ఇరుగుపొరుగు పిల్లలకు చదువు చెప్పి నాలుగు డబ్బులు గడించుదురు. కష్టపడి సంపాదించుటయందు దోషమేమియు లేదు. మా ఆక్షేపణ ఆ పని జరుగు వేళను గూర్చియు, ఆ పనికి లెక్క లేకపోవుటను గూర్చియు మాత్రమే.

ఈ బాలుడు మన సమాజమునకు క్రొత్తవాడు. వీని తాతలనాడు చదువుకొనువాడు కూలికి పోలేదు. కూలికి పోవువాడు చదువుకొనలేదు. బీదవిద్యార్థి యెవడైన నున్నచో వారములు చేసికొని, సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట భుజించి చదువుకొనెను. అది దానము; కూలి కాదు. ఆ దానమునకును కులపు గడప అడ్డుండెను. ఇక ఉప్పలు పొలముగట్లపై పసులు కాచిన పిల్లవాడు జీతగాడు. వాని జీతము వాని చేతికి రాలేదు. తండ్రి చేసిన అప్పునకు చెల్లుపడెను. తెలంగాణమున వెట్టియనియు భగేలాయనియు పేర్లు పెట్టుకొని సాగిన ఆ దురాచారమును దేశమంతటను చట్టముచే నిషేధించుటకు 1976వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చెను.

తండ్రులనాటికి పొలములు పోయి కార్ఖానాలు వచ్చినవి. ఉప్పలు, నాచారము పారిశ్రామిక వాడలలో గొట్టము మ్రోగిన వెంటనే సైకిళ్ళు బారులు తీరిన కాలమది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము పదునాలుగేండ్లు నిండనివానిని కార్ఖానా గడప త్రొక్కనీయలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము పని నేర్చుకొను కుర్రవానికి స్టయిపెండును, ఒప్పందపు కాగితమును, తుదకు పరీక్షయు యోగ్యతాపత్రమును ఏర్పరచెను. ఆ స్టయిపెండు స్వల్పమే కావచ్చును. ఐనను వాని పేరు ఒక రిజిస్టరులో నుండెను. నేడు అదే వీథిలో వాని కొడుకు రాత్రి పండ్రెండు వరకు పళ్ళెములు మోసి వచ్చినచో, వాడు పనిచేసినట్లు చూపు కాగితపు ముక్క యొక్కటియైన లేదు. ఫోనులో ఒక సందేశము వచ్చును. ఇరువదిమంది బాలురు పోవుదురు. మధ్యవర్తి తన పాలు తీసికొని మిగిలినది ఇచ్చును. కొన్నిమార్లు ఆ రాత్రి ఇచ్చును. కొన్నిమార్లు "రేపు రా" యనును.

చట్టము ఈ విషయమున మౌనముగా నున్నదని కొందరు భావించుచున్నారు. అది పొరపాటు. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్లలోపు వారిని కిశోరులని వేరుగా పేర్కొనిరి. అపాయకరములు కాని పనులలో వారిని నియోగింపవచ్చును గాని దానికి హద్దులు గలవు. ఏకధాటిగా మూడు గంటలకు మించి పని చేయింపరాదు. పిమ్మట ఒక గంట విశ్రాంతి యీయవలెను. విశ్రాంతియు, పనికొరకు కాచుకొన్న కాలమును కలుపుకొని దినమునకు ఆరు గంటలు దాటరాదు. సాయంకాలము ఏడు గంటలు మొదలు ప్రొద్దుట ఎనిమిది గంటల వరకు పని చేయింపనే రాదు. యజమాని వారి పేరు, పుట్టిన తేది, పనిగంటలు వ్రాసిన రిజిస్టరు నుంచవలెను. ఈ నియమములను చేతబట్టుకొని ఒక ముహూర్తపు రాత్రి హబ్సిగూడనుండి ఉప్పలు వరకు గల హాళ్ళను చూచి రండు. చట్టము వలదన్న గంటకే అచ్చట పని ప్రారంభమగును.

మా వృత్తినిగూడ విడిచిపెట్టుట న్యాయము కాదు. తెల్లవారకముందు సైకిలుపై పత్రికలు పంచు బాలుడు తరతరములుగా మన కండ్లయెదుట నున్నాడు. వానిచే లోకవార్తలు మన గుమ్మమునకు తెప్పించుకొనుచు, వాని వయస్సెంతయని అడిగినవారము కాము.

చట్టమున మరియొక లోపము గలదు. దానిని చట్టమును చదివినవారుగూడ గుర్తింపరు. కార్మికునకు వారమునకొక దినము సెలవు కలదు. విద్యార్థికిని ఆదివారము సెలవు కలదు. రెండును తానేయైన బాలునకు ఏ దినము సెలవు? కళాశాల ఇచ్చిన సెలవును కాంట్రాక్టరు తీసికొనుచున్నాడు. సోమవారమున మొదటి గంటలో వెనుక బల్లపై కునుకుచున్న విద్యార్థిని మందలించు అధ్యాపకుడు ఒకమారు వాని అరచేతులు చూడవలెను.

ఇంగ్లండునందు బడియీడు బాలుడు ఆదివారమున 2 గంటలకు మించి పనిచేయరాదు. అమెరికాలో 1938 నాటి చట్టము ననుసరించి పదునాలుగు, పదునైదేండ్లవారికి బడి నడచు వారములో 18 గంటలే పరిమితి. అమెరికా మాట వచ్చినది కావున ఒక చోద్యము చెప్పక తప్పదు. పెద్దచదువులకు అచ్చటికి పోయిన మన పిల్లలు విశ్వవిద్యాలయపు భోజనశాలలో వారమునకు 20 గంటలు పనిచేయుదురు. పళ్ళెములు కడిగి ఫీజు కట్టుకొనుచున్నాడని తండ్రి నలుగురిలో గర్వముగా చెప్పుకొనును. అదే తండ్రి తన చిన్నకొడుకు నాచారములో విందు వడ్డించుచు బంధువుల కంటబడినచో తలవంచుకొనును. సముద్రము దాటిన పళ్ళెమునకు గౌరవమును, ఇంటనున్న పళ్ళెమునకు మైలయు ఎచ్చటనుండి వచ్చెనో విజ్ఞులు యోచింపవలెను. ఈ సిగ్గువలననే బాలుడు ఇంట చెప్పక పోవును. చెప్పక పోయినవానికి కూలి ఎగవేసినను అడుగువాడుండడు.

చట్టమును ఉన్నదున్నట్లు అమలుచేసినచో ఆ రాత్రికూలితో ఇల్లు గడుపుకొను బాలుని నోటికాడి కూడు తీసినట్లు కాదా యని ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న తేలికైనది కాదు. తండ్రి మంచమెక్కిన యింట ఆ డబ్బే మందగును, పరీక్షఫీజగును. ఐనను రాత్రిపని నిలుపుట వేరు, పని నిలుపుట వేరు. పగటి ముహూర్తములు లేవా? ఆదివారపు మధ్యాహ్నవిందులు లేవా? పదునెనిమిది నిండనివారికి పగటిపనియు, నిండినవారికి రాత్రిపనియు పంచుటకు కాంట్రాక్టరునకు కావలసినది రిజిస్టరొక్కటి. అది యుంచుట వాని కర్తవ్యమే. బండిపై సరుకులు చేరవేయు పని మాత్రము ఈ బాలురకు ఏ వేళను తగదు. అన్నపేరిట అనుమతి తీసికొని తమ్ముడు బండి నడపిన యెడల, 2019 నాటి సవరణ ననుసరించి తండ్రికో బండి యజమానికో 3 సంవత్సరముల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును.

ఈ వ్యవహారమున అధికారులకంటె ముందు కదలవలసినవారు పెండ్లి చేయువారు. ఆకుకు ఇంతయని బేరమాడునపుడు కూరలసంఖ్యను పదిమార్లు అడుగుదురు. వడ్డించువారి వయస్సెంత, వారికి భోజనము ఏ వేళ పెట్టుదువు, కూలి ఆ పూటనే ఇత్తువా యని మూడు మాటలు అదనముగా అడిగి, వానిని ఒప్పందపు కాగితముపై వ్రాయించుకొనవలెను. కళాశాలలు నోటీసుబల్లపై పగటిపనుల వివరములు ప్రకటించి, పిలిచిన యజమాని పేరు, చిరునామా తమయొద్ద నుంచుకొనవలెను. విందు ముగిసి దీపములార్పునప్పటికి మెట్రోరైలు నిలిచిపోయి యుండును. బోడుప్పలునకో మల్లాపురమునకో నడచిపోవలసిన పదునేడేండ్ల బాలుడు ఆ వేళ హాలు ద్వారమున నిలిచియున్నచో, వానిని ఇల్లు చేర్చు ఖర్చు పెండ్లివారి లెక్కలోనే వ్రాయవలెను.