బెదిరిస్తే నడవరు

ముప్పై ఏళ్లు దాటిన వారి ఇళ్లకు వెళ్లి ఆశా కార్యకర్తలు నింపే సర్వే పత్రంలో ఒక ప్రశ్న ఉంది: వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తున్నారా? చేస్తుంటే సున్నా, లేకపోతే ఒక మార్కు. మార్కులు పెరిగినకొద్దీ షుగర్, బీపీ ముప్పు ఎక్కువని లెక్క. భద్రాచలం చుట్టుపక్కల దుమ్ముగూడెం, చర్ల వైపు కోయగూడేల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. తునికాకు కాలం వస్తే తెల్లారకముందే అడవిలోకి వెళ్లి, ఎండెక్కే వేళకు మూట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చి, ఏభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చే మనిషిని శ్రమ చేస్తున్నావా అని అడగడమేమిటి?

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అదే మనిషికి యాభై దాటుతాయి. మోకాళ్లు పట్టేస్తాయి. చేను కొడుకు చూసుకుంటాడు, దున్నడానికి ట్రాక్టరు వస్తుంది, సంతకు ఆటో వస్తుంది. సన్నబియ్యం అన్నం మాత్రం మూడు పూటలా ఉంటుంది. ఒకరోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలికి సూది గుచ్చి, షుగర్ ఉందని చెప్పి, బిళ్లలిచ్చి, ‘రోజూ అరగంట వాకింగ్ చెయ్యి’ అంటారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి పని లేకుండా నడిచింది లేదు. చేనుకు, చెలమకు, సంతకు, చుట్టాలింటికి నడిచాడు. ఊరికే రోడ్డు మీద అటు పోయి ఇటు రావడం ఆయన కంటికి పనీపాటా లేనివాడి వ్యవహారం. ఇరుగుపొరుగు కూడా అలాగే చూస్తారు. నాలుగు రోజులు నడిచి మానేస్తాడు. మనం దానికి బద్ధకమని పేరు పెడతాం.

ఇది ఒక గూడెం సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయి. అదే అధ్యయనం తొలి దశలో నాలుగు ప్రాంతాల వారి శారీరక శ్రమను లెక్కగట్టి 2014లో ప్రకటించారు. సగానికి పైగా జనానికి చాలినంత కదలిక లేదు. తీరిక వేళల్లో వ్యాయామమో ఆటో అలవాటున్నవారు పది శాతం కూడా లేరు. మనకు శ్రమ తెలుసు, వ్యాయామం తెలియదు. శ్రమ తప్పుకున్న చోట ఏదీ వచ్చి చేరలేదు.

అలాంటి వారిని కదిలించడానికి మన ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడుతున్నది భయం. ‘నడవకపోతే కాలు తీసేస్తారు’, ‘కిడ్నీలు పోతాయి’. చెప్పేవారి ఉద్దేశం మంచిదే, చెప్పేది అబద్ధమూ కాదు. కానీ భయం పనిచేయాలంటే పక్కనే ‘ఇది నా వల్ల అవుతుంది’ అన్న నమ్మకం ఉండాలి. మనిషి ఒక పనికి పూనుకోవడంలో ఈ నమ్మకానికున్న పాత్రను మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే సిద్ధాంతంగా చెప్పారు. నమ్మకం లేనిచోట భయపెడితే మనిషి జబ్బు నుంచి కాదు, జబ్బు మాట నుంచి పారిపోతాడు. పరీక్షకు రాడు, బిళ్లలు అయిపోయినా అడగడు, పసరు మందు దగ్గరికి వెళతాడు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మరో ఇద్దరు మనస్తత్వవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్నదీ దీనికి దగ్గరిదే. ఒకరి ఒత్తిడితో మొదలైన పని ఆ ఒత్తిడి ఉన్నన్నాళ్లే సాగుతుంది. తనకు తాను ఎంచుకున్నది, చేతనైనది, నలుగురితో కలిసి చేసేది అయితే నిలుస్తుంది.

దీనికి రుజువు కోసం భద్రాచలం దాటి పోనక్కర్లేదు. శ్రీరామనవమికి, ముక్కోటికి రాముడికి మొక్కుకుని కాలినడకన వచ్చేవారిని చూడండి. వారిలో షుగర్ ఉన్నవారూ ఉంటారు. డాక్టరు చెబితే అరగంట నడవని కాళ్లు మొక్కు కోసం రోజంతా నడుస్తాయి. మొక్కు తనది, తోడు జట్టు ఉంది, దారిపొడవునా మజ్జిగ పోసి పలకరించేవారున్నారు. అయితే ఈ ఉదాహరణను సగంలో వదిలేయకూడదు. దర్శనం అయ్యాక వీరిలో చాలామంది బస్సెక్కి ఇంటికెళ్లి మళ్లీ మంచం మీదే కూర్చుంటారు. మొక్కు తీరింది కనుక నడక తీరింది. ‘మూడు నెలల్లో షుగర్ తగ్గించుకో’ అన్న గురి కూడా ఇలాంటిదే. తగ్గితే చాలనుకుని ఆపేస్తారు, తగ్గకపోతే లాభం లేదని ఆపేస్తారు.

షుగర్‌కు నొప్పి లేదు. ఇవాళ నడిస్తే పదేళ్ల తర్వాత కళ్లు బాగుంటాయంటే ఎవరి మనసుకైనా ఆనదు. అందుకే దగ్గరి ఫలితం చూపాలి, అది నిజంగానే ఉంది కూడా. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 2016లో టైప్ 2 మధుమేహం ఉన్న 41 మందితో చేసిన అధ్యయనం మనలాంటి అన్నం తినేవారికి ముఖ్యమైనది. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడవడం కంటే, ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే ఆ తేడా 22 శాతం. ఒకరోజు అన్నం తిని కూర్చున్న రెండు గంటలకు, మరో రోజు అదే అన్నం తిని కాసేపు నడిచాక అదే సమయానికి వేలికి సూది గుచ్చి రెండు అంకెలూ పక్కపక్కన చూపమనండి. తన ఒంట్లో తన కాళ్లు తెచ్చిన తేడా కనబడితే అది ఎవరి బెదిరింపూ ఇవ్వలేని బలం. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవారికి మాత్రం నడకలో చక్కెర మరీ పడిపోయే ముప్పుంది. ఒకసారి కళ్లు తిరిగి చెమటలు పోసిన మనిషి మళ్లీ గడప దాటడానికి జంకుతాడు. ఆ జంకును సాకు అనకుండా, మందు మోతాదు గురించి డాక్టరు మాట్లాడాలి, జేబులో బెల్లం ముక్క పెట్టుకోమనాలి. చెప్పుల మాటా అప్పుడే చెప్పాలి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

ఖమ్మం నగరంలో లకారం చెరువు కట్ట ఉంది, భద్రాచలంలో గోదావరి కరకట్ట ఉంది. మణుగూరు దారిలోని ఊళ్లలో ఏముంది? బొగ్గు లారీలు, ఇసుక లారీలు, వీధి కుక్కలు, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ. చీకటితో ఒంటరిగా బయల్దేరే ఆడమనిషికి అడుగడుగునా ‘యాడికి పోతున్నవ్?’ అన్న ఆరా. ఇవన్నీ దాటి నడవమనడం కంటే మహిళా సంఘం సభ్యులు పదిమందిని కలిపి నడిపించడం తేలిక.

సలహా ఇచ్చి వదిలేయకుండా వెంట ఉంటే ఏమవుతుందో మన పక్కనే చెన్నైలో తేలింది. మధుమేహం అంచున ఉన్న 531 మందితో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో మూడేళ్లలో జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది. అక్కడ నెలనెలా ఫోను చేసి కనుక్కున్నారు. నాకు మరీ నచ్చింది ఇంకొకటి. అప్పటికే ఒళ్లొంచి పనిచేసేవారికి కొత్త వ్యాయామమేదీ పెట్టలేదు, చేస్తున్నది మానొద్దన్నారు.

మన దగ్గర ఆ కనుక్కునే మనిషి ఆశానే. అయితే సరిహద్దులోని ఎటపాక నుంచి వచ్చేవారికి భద్రాచలం ఏరియా ఆసుపత్రి దగ్గర, కానీ 2014 నుంచి ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇక్కడి డాక్టరు చెప్పిన మాట అక్కడి ఆశాకు చేరే ఏర్పాటును రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కూర్చుని తేల్చాలి. సర్వే పత్రంలో ఆ ఒక్క ప్రశ్న పక్కన మరో రెండు చేర్చాలి: ఇదివరకు ఏ పని చేసేవారు, అందులో ఇప్పటికీ ఏది చేయగలరు? పశువులను తోలుకెళ్లడమో, పెరడు తవ్వడమో, రాత్రి అన్నం తిన్నాక రామాలయం దాకా వెళ్లిరావడమో, ఆయన నోటితో వచ్చిందే చీటీ మీద రాయాలి.

ఇంట్లో షుగర్ ఉన్నవారుంటే మీకూ ఒక మనవి. ‘ఇవాళ నడిచావా?’ అని నిలదీయకండి. రాత్రి కంచాలు తీశాక చెప్పులేసుకుని వారితో పాటు బయల్దేరండి.